సేకరణ అన్న మాటకు చట్టంలో చోటు లేదు

సినిమాలో ఒక జానపద పల్లవి హిట్టవుతుంది. రెండు రోజుల్లో ఎవరో ఒక గాయని ఫోన్ ముందు కూర్చుని "ఈ పాట మాది" అంటుంది. కింద కామెంట్లలో జనం రెండు జట్లుగా చీలిపోతారు. ఈ పంచాయితీ మళ్ళీ మొదలైంది కాబట్టి, అసలు ఇది ఎక్కడ ముడిపడిందో చూడాలి. ఏలపాటలు, దంపుళ్ళ పాటలు, ఎంకి పాటల దగ్గర్నుంచి చెప్పుకురావాల్సిన పని లేదు. అవన్నీ చదువుకున్నవే.

2021 దగ్గర మొదలుపెడదాం. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో యూట్యూబ్‌లోకి వచ్చింది. పాడింది మంగ్లీ, సంగీతం పవన్ సీహెచ్, సాహిత్యం సుద్దాల అశోక్ తేజ. పాట కోట్ల వ్యూస్‌తో పరుగెడుతుండగానే ఒక జానపద గాయని మీడియా ముందుకొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళ నోట విని నేర్చుకున్న పాట అది, టీవీలో పాడి పదిమందికీ తెలిసేలా చేసింది నేను, నన్ను ఒక్క మాటైనా అడగలేదు, నాతోనే పాడిస్తే పోయేదేముంది అన్నది ఆమె బాధ. డబ్బు సంగతి ఆ తర్వాత. పేరూ, పారితోషికమూ ఇస్తామని దర్శకుడు చెప్పాక గొడవ చల్లారింది.

సినిమావాళ్ళ వాదన ఒక్క వాక్యంలో అయిపోతుంది: పల్లవి జానపదం, అది అందరిదీ, చరణాలు కొత్తగా రాసినవి, అవి రాసినవాళ్ళవి. చట్టం దగ్గరికి వెళ్తే ఈ వాదనే నెగ్గుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్ళకు హక్కు ఉంటుంది, వాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళు వారసులకు ఉంటుంది. బాణీ కట్టినవాళ్ళకూ అంతే. పాడేవాళ్ళ ఊసు ఆ చట్టంలో చాలాకాలం లేదు. 1994 సవరణతో ప్రదర్శన హక్కు అని ఒకటి వచ్చింది. అది కూడా ఆ రోజు, ఆ గొంతు పాడినదాని మీదే తప్ప పాట మీద కాదు. 2012 సవరణ రచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీలో వాటా ఇచ్చింది. అమ్మమ్మ దగ్గర కూర్చుని, మరిచిపోయిన చరణాన్ని పక్కూరి ముసలమ్మను అడిగి పూర్తి చేసుకుని, దాన్ని బతికించి తెచ్చిన మనిషికి మాత్రం ఈ చట్టంలో ఒక పేరు కూడా లేదు. మనం వాడే 'సేకరణ' అన్న మాట క్యాసెట్ అట్టల మీదే ఉంది.

అయితే ఈ చట్టం ఇన్నేళ్ళుగా ఉంటే, గొడవలు ఈమధ్యే ఎందుకు ముదిరాయి? నా లెక్కలో దీనికి కారణం సినిమా కాదు, టీవీ. మా టీవీ చానెల్‌లో వచ్చిన జానపద పాటల పోటీ 'రేలా రే రేలా' అన్నిటినీ మార్చేసింది.

ఆ పోటీకి ముందు జానపదం పాడేవాళ్ళ మధ్య "ఇది నా పాట" అన్న మాట పెద్దగా వినపడేది కాదు. నాట్లలో ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు అనేవాళ్ళు, ఊరు మారితే చరణం మారేది. పోటీ అనేసరికి లెక్క వేరు. గొంతు బాగుంటే చాలదు, ఎవరూ వినని పాట తేవాలి. కుర్రాళ్ళూ ఆడపిల్లలూ తమ ఊళ్ళలో అత్తలనూ అమ్మమ్మలనూ అడిగి పాటలు పట్టుకొచ్చారు. కొత్త పాటే వాళ్ళ పెట్టుబడి. అక్కడ న్యాయనిర్ణేతల కుర్చీలో కూర్చున్నవాళ్ళలో సుద్దాల అశోక్ తేజ ఒకరు. ఇందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ పాడిన 'సారంగ దరియా'యే పదేళ్ళ తర్వాత సినిమాలో ఆయన పేరుతో వినిపించినప్పుడు, ఆ వేదిక మీద పాడిన అమ్మాయికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. టీవీ ఆ పాటకు ముఖాన్నీ తేదీనీ ఇచ్చింది. అంతకుముందు "మా అమ్మమ్మ పాడేది" అంటే "మా నాయనమ్మ కూడా పాడేది" అనేస్తే మాట అక్కడితో ఆగిపోయేది. ఇప్పుడు క్లిప్పు ఉంది. తీసి చూపించొచ్చు. విచిత్రమేమిటంటే ఆ క్లిప్పు మీద హక్కు దాన్ని రికార్డు చేసిన చానెల్‌ది. సాక్ష్యం మాత్రం గాయనిది.

టీవీ రాకముందు వరస తలకిందులుగా ఉండేది. పాట మిగిలి, పేరు పోయేది. 'మొక్కజొన్న తోటలో' రాసింది కొనకళ్ళ వెంకటరత్నం. ఊరూరా పాడీ పాడీ దాన్ని జానపదమనే అనుకున్నారు జనం. 'బండెనక బండి గట్టి' రాసింది బండి యాదగిరి. 1980లో విడుదలైన 'మా భూమి'లో గద్దర్ తెర మీద కనిపించి పాడారు, ఇప్పటికీ అది గద్దర్ రాసిందేననే వాళ్ళు తగులుతుంటారు. అదే సినిమాలో 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతు రాసినది. ఆయన అశోక్ తేజ తండ్రి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఆ పాట పాడుకున్నవాళ్ళెవరూ రాసిందెవరని అడిగి ఉండరు. అందరి నోటా పడి పేరు చెరిగిపోవడమంటే ఏమిటో ఆ ఇంటికి తెలియనిది కాదు.

రచయిత ఎదురుగా నిలబడితే ఏమవుతుందో 2009లో చూశాం. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' తన పాటని, 'మగధీర'లో వాడుకున్నారని వంగపండు ప్రసాదరావు అడ్డం తిరిగారు. అది కూడా చాలామంది జానపదమే అనుకున్న పాట. కానీ అక్కడ మనిషి ఉన్నాడు, రాశానని చెప్పగలడు, చట్టం వినక తప్పదు. సేకరించినవాళ్ళకు ఆ బలం లేదు. వాళ్ళు రాశామని అబద్ధమైనా చెప్పరు, పాపం.

'సారంగ దరియా' గొడవ తర్వాత సినిమావాళ్ళు కొంత జాగ్రత్త పడ్డారనే అనాలి. ఆ ఏడాదే 'భీమ్లా నాయక్' పాటకు కిన్నెర మొగులయ్యను పిలిచి ఆయన గొంతుతోనే ఎత్తుకున్నారు. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2023లో 'బలగం' చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిన పాటకు ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చాయి. పాడేవాళ్ళను తెర మీదికి తేవడం ఖర్చైన పనేమీ కాదని ఈ రెండూ చూపించాయి. కాకపోతే పిలవడం వేరు, వాటా ఇవ్వడం వేరు. పాట ఎన్ని కోట్ల వ్యూస్ దాటినా, సంప్రదాయ పాట తెచ్చినవాళ్ళకు దక్కేది ఆ రోజు చేతిలో పెట్టిన కవరే. 2024లో పద్మశ్రీ మొగులయ్య కూలిపనికి వెళ్తున్నారన్న వార్త, ఫోటోతో సహా, అన్ని పేపర్లలోనూ వచ్చింది.