ఆరోగ్యశ్రీ గొడవ మళ్ళీ మొదలైంది, అసలు ముడి మాత్రం మత్తు డాక్టర్ దగ్గరుంది

బకాయిలు ఇవ్వకపోతే ఆరోగ్యశ్రీ ఆపేస్తామన్న మాట మళ్ళీ వినపడుతోంది. తెలంగాణలో 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఇంకోసారి ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు నిజంగానే ఆపేశాయి, సర్కారు పిలిచి మాట్లాడాక మళ్ళీ మొదలుపెట్టాయి. మాకు వెయ్యి కోట్లకు పైగా రావాలని వాళ్ళంటారు, అంత లేదు, ఇస్తూనే ఉన్నాం, పాతవి పాత ప్రభుత్వం పెట్టిపోయినవి అని వీళ్ళంటారు. ఈ లెక్కలు టీవీల్లో రోజూ నడుస్తాయి కాబట్టి ఇక్కడ తిరగేయను. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం ఎలా మొదలైంది, ఎవరి పేరు పెట్టారు, ఎవరు తీశారు, అదీ అందరికీ తెలుసు.

నేను చెప్పాలనుకుంది వేరే. మా మేనమామ తొడ ఎముక విరిగి, కాలికి తాడు కట్టి, మంచం చివర రెండు ఇటుకలు వేలాడదీసి ఆరు రోజులు పడుకున్నాడు. పొలం నుంచి వస్తూ ట్రాక్టర్ మీది నుంచి పడ్డాడు. మా దగ్గరి సర్కారు ఏరియా ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, ఎముకల డాక్టర్ చూశాడు, రాడ్ వేయాలన్నాడు, మత్తు డాక్టర్ లేడు కాబట్టి రాసిచ్చి పంపించాడు. ప్రైవేటుకు పోతే అక్కడ ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర మా కార్డు చూసి, ఫొటో దిగి, ఎక్స్‌రే ఆన్‌లైన్‌లో పెట్టి అప్రూవల్ వచ్చేదాకా ఆగమంది. ఆ ఆగడంలోనే ఆస్పత్రి వాళ్ళు పక్కకు పిలిచి, ఆరోగ్యశ్రీ పైసలు ఎప్పుడొస్తాయో మాకే తెలవదు, ముందు అడ్వాన్స్ కట్టండి, తర్వాత చూద్దాం అన్నారు. అత్తమ్మ పుస్తెలతాడు తీసి చేతిలో పెట్టింది. మామ ఆ ఇటుకలను చూస్తూ "గీ ఇటుకలు మనింటి గోడకు పెడితే అయిపోవు బిడ్డా" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఇక్కడ అందరూ ఆ అడ్వాన్స్ అడిగిన ఆస్పత్రిని తిడతారు, నేనూ తిట్టాను. కానీ ఆ రోజు జరిగినదాంట్లో మొదటి తప్పు అది కాదు. ఎముకల డాక్టర్ ఉన్నాడు, ఎక్స్‌రే ఉంది, థియేటర్ ఉంది. లేనిది ఒక్క మత్తు డాక్టరే.

నన్నడిగితే కథ మలుపు తిరిగింది 2007లో కాదు, 2011లో. ఆరోగ్యశ్రీ మొదట పెట్టుకున్నవి గుండె, మెదడు, క్యాన్సర్, కిడ్నీ లాంటి పెద్ద ఆపరేషన్లు. అవి అప్పటిదాకా పేదోడు కలలో కూడా అనుకోనివి, అందుకే జనం దాన్ని గుండెల్లో పెట్టుకున్నారు, అందులో అబద్ధం లేదు. కొద్దికాలంలోనే జాబితా 942 చికిత్సలకు పెరిగింది. ప్రైవేటు ఆస్పత్రులు ఊళ్ళల్లో శిబిరాలు పెట్టి పేషెంట్లను బస్సుల్లో తీసుకుపోయే రోజులవి. పేషెంట్ ఎంతమంది పోతే అన్ని ప్యాకేజీలు, అంటే ఒక్కో చికిత్సకు పథకం కట్టే ఇంత అని ఖాయం చేసిన మొత్తాలు. ఆ ఊపులోనే ఆడవాళ్ళ గర్భసంచులు అవసరం ఉన్నా లేకున్నా తీసేస్తున్నారని గోల లేచింది. ముప్పై ఏళ్ళు నిండని వాళ్ళకు కూడా తీసేసిన ఊళ్ళు మన దగ్గర ఉన్నాయి.

దాంతో 2011లో ప్రభుత్వం గర్భసంచి తొలగింపుతో సహా వందకు పైగా చికిత్సలను ప్రైవేటు నుంచి తీసి, ఇవి సర్కారు ఆస్పత్రుల్లోనే చేయాలని నిర్ణయించింది. సరైన నిర్ణయం. ఇప్పటికీ అదే మాట అంటాను. సర్కారు ఆస్పత్రి కూడా ఆరోగ్యశ్రీ ప్యాకేజీ డబ్బు తెచ్చుకోవచ్చు, అందులో కొంత డాక్టర్లకు, సిబ్బందికి పంచొచ్చు, మిగతాది పెట్టి థియేటర్ బాగుచేసుకోవచ్చు, అదీ ఆలోచన. అంటే పథకం పైసలు తిరిగి మన ఏరియా ఆస్పత్రికే వచ్చే దారి అప్పుడు తెరుచుకుంది. తెరుచుకున్న దారిలో నడవడానికి మనిషి లేడు.

మా చిన్నమ్మ ఒక ఏరియా ఆస్పత్రి థియేటర్‌లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆ రోజుల గురించి అడిగితే ఆమె ముందు చెప్పేది బాయిల్స్ మెషీన్ గురించి. మత్తు ఇచ్చే ఆ మెషీన్ కొత్తది వచ్చిందట, ఆకుపచ్చ గుడ్డ కప్పి మూలకు పెట్టారట. వారానికోసారి ఆమే గుడ్డ తీసి దుమ్ము దులిపి మళ్ళీ కప్పేదట. మత్తు డాక్టర్ డిప్యుటేషన్ మీద వారంలో రెండు రోజులొచ్చేవాడు. ఆ రెండు రోజుల్లో సిజేరియన్లు, కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు పెట్టుకుంటే పొద్దు అయిపోయేది. మిగతా రోజుల్లో వచ్చిన అపెండిసైటిస్, విరిగిన కాలు, పేగు మెలికపడ్డ పిల్లగాడు, అందరికీ రిజిస్టర్‌లో ఒకటే రాత: రెఫర్డ్ టు ఎంజీఎం, అంటే వరంగల్‌లోని పెద్ద సర్కారు ఆస్పత్రికి. "సర్జన్ సారు చేతులు కట్టుకొని కూసునేటోడు, ఆయనకూ మనసొప్పకపోయేది" అంటుంది చిన్నమ్మ. తర్వాత ఆయన సొంత నర్సింగ్‌హోమ్ పెట్టుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

కేంద్రం పెట్టిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ (ఎన్‌ఆర్‌హెచ్‌ఎం) కింద ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల శిక్షణ ఇచ్చి మత్తు ఇవ్వడం నేర్పే కార్యక్రమం కూడా పెట్టారు. మంచిదే, కానీ అది కాన్పు సమయంలో తల్లి ప్రాణం కాపాడే ఆపరేషన్ల కోసం పెట్టింది. మా మామ తొడ ఎముకకు అది అక్కరకు రాదు.

ఇది మన జిల్లాల గోస మాత్రమే కాదు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ప్రపంచం మొత్తం మీద లెక్క తీసింది: 500 కోట్ల మందికి అవసరమైనప్పుడు సురక్షితంగా, భరించగలిగే ఖర్చులో ఆపరేషన్ అందట్లేదు, ఏటా ఇంకా 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలి, ఆపరేషన్, మత్తు ఖర్చులతోనే ఏటా 3.3 కోట్ల మంది ఇల్లు గుల్లవుతోంది. ఆ కమిషన్ గుండె మార్పిడి గురించి మాట్లాడలేదు. ఒక ఆస్పత్రి పనికొచ్చేదా కాదా తేల్చడానికి మూడే చూడమంది, సిజేరియన్ చేయగలదా, పొట్ట తెరిచి అత్యవసర ఆపరేషన్ చేయగలదా, చర్మం చీల్చుకొని బయటికొచ్చిన ఎముకను సరిచేయగలదా. ఈ మూడూ చేసే చోటుకు మనిషి రెండు గంటల్లో చేరుకోవాలంది. ములుగు జిల్లాలో ఏటూరునాగారం అవతల మంగపేట నుంచి వరంగల్‌కు వంద కిలోమీటర్ల పైనే. వానాకాలంలో వాగు అడ్డం తిరిగితే ఆ రెండు గంటలు వాగు ఒడ్డునే గడిచిపోతాయి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఇదే లాన్సెట్ 1889లో తన డాక్టర్‌ను హైదరాబాద్ పంపింది, క్లోరోఫామ్ మత్తు ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పెట్టుకున్నాడు, పరీక్షలు నడిపింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో మత్తు ఇవ్వడం నేర్చిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకుంటారు. మత్తు గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన సంస్థానంలో భాగమే మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్. నూట ముప్పై ఏళ్ళు దాటాక కూడా మన ఏరియా ఆస్పత్రిలో ఆ కుర్చీ ఖాళీ.

ఆపరేషన్లే తక్కువైపోయాయని కూడా అనలేం, అదే ఇందులో మెలిక. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81.5 శాతం. కరీంనగర్ జిల్లాలో మొత్తం కాన్పుల్లోనే 80 శాతం దాటింది. ఒకే జిల్లాలో అక్కర్లేని కోతలూ ఉన్నాయి, కావాల్సిన కోత దొరకక అంబులెన్స్‌లో తిరిగేవాళ్ళూ ఉన్నారు. ఆపరేషన్‌కు పైసలు ఎక్కడుంటే మత్తు డాక్టర్ అక్కడుంటాడు, మత్తు డాక్టర్ ఎక్కడుంటే ఆపరేషన్ అక్కడ జరుగుతుంది. పని ఎక్కువై మనుషులు తక్కువైతే ఏమవుతుందో కూడా చూశాం: 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేశారు, నలుగురు తల్లులు చనిపోయారు.

ఇప్పటి గొడవకు వద్దాం. చిన్న నర్సింగ్‌హోమ్‌ల వాళ్ళ బాధ అబద్ధం కాదు. హనుమకొండలో ఇరవై, ముప్పై పడకలు నడిపేవాళ్ళు రాడ్లు, స్క్రూలు అప్పుకు తెచ్చుకొని, బిల్లు నెలల తరబడి రాకపోతే జీతాలెట్లా ఇస్తారు. రేట్లు కూడా ఏళ్ళ తరబడి పెంచలేదు, 2024లో పెంచారు, కొత్తగా 163 చికిత్సలు కలిపారు. అంతకుముందే 2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ ఉచిత చికిత్స పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలు చేశారు. పరిమితి పెరిగితే కార్డు మీద అంకె పెరుగుతుంది, మంగపేటకు దూరం తగ్గదు. నాకు ఇక్కడే ప్రభుత్వం మీద కోపం. బిల్లు కట్టేదీ తానే, ఆస్పత్రి నడిపేదీ తానే, రెండో పని సరిగా చేస్తే మొదటిది సగమవుతుంది కదా. ఏరియా ఆస్పత్రిలో కావాల్సిన కాలు ఆపరేషన్‌ను ప్రైవేటుకు పంపి, ఆ బిల్లు మళ్ళీ తనే బాకీ పడి, బాకీ తీరక ఆ పేషెంట్‌ను మళ్ళీ రోడ్డు మీద నిలబెడుతోంది.

వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు కూల్చి, 2021 జూన్‌లో 24 అంతస్తుల ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. అంత ఎత్తు బిల్డింగు వద్దని నేననను, ఎంజీఎం మీద పడే భారం చూసినవాళ్ళెవరూ అనరు. కానీ ఇన్నేళ్ళుగా ఉత్తర తెలంగాణ వైద్యం అంటే ఆ బిల్డింగు ముచ్చటే. నాకు దానికన్నా ఎక్కువ ఆశ మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మహబూబాబాద్‌లో 2022లో తెరిచిన మెడికల్ కాలేజీల మీద. కాలేజీ వచ్చిందంటే దాంతోపాటు మత్తు విభాగం ఉండాలి, ప్రొఫెసర్ ఉండాలి, రాత్రి డ్యూటీలో డాక్టర్ ఉండాలి. 2025లో జాతీయ మెడికల్ కమిషన్ రాష్ట్రంలోని చాలా ప్రభుత్వ కాలేజీలకు నోటీసులిచ్చి పిలిచింది. చెప్పిన కారణాల్లో మొదటిది అధ్యాపకుల కొరత. ఆస్పత్రి మీద బోర్డు మారింది, చిన్నమ్మ చెప్పిన మత్తు మెషీన్ మీది ఆ గుడ్డ ఎన్ని చోట్ల తీశారో కనుక్కోవాలి. బకాయిల మీద చర్చలకు కూర్చునేవాళ్ళ బల్ల మీద ఈ ఖాళీల జాబితా కూడా ఉండాలి. ఏ ఏరియా ఆస్పత్రిలో వారానికి ఎన్ని రోజులు మత్తు డాక్టర్ ఉంటున్నాడు, నెలకు ఎన్ని కేసులు బయటికి రాసి పంపుతున్నారు, రిజిస్టర్లు తెరిస్తే ఒక పూటలో తేలిపోతుంది.

మామకు ఏడో రోజు రాడ్ వేశారు. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు, కాలు కొంచెం కురచైంది. వచ్చే నెల మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్నారు. ఆరోగ్యశ్రీ ఆగుతదంటున్నరు కదా, మన దగ్గరి సర్కారు దవాఖానల చూపించుకోవచ్చా కనుక్కో అని నిన్న ఫోన్ చేశాడు. పొద్దున పోయి అడిగాను, ఎముకల డాక్టర్ బదిలీ మీద పోయాడట, కొత్తాయన ఇంకా రాలేదు.