తానీషా సొరంగంలో పారిపోయాడా? అపోహలు - వాస్తవాలు

అపోహ: 1687లో మొగలులు గోల్కొండలో చొరబడగానే అక్కడి చివరి సుల్తాను తానీషా సొరంగం గుండా చార్మినార్ చేరి తప్పించుకున్నాడు.

వాస్తవం: ఆయన పారిపోలేదు. దాదాపు 8 నెలల ముట్టడి తర్వాత, సెప్టెంబరులో ఒక రాత్రి, లంచానికి లొంగిన అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు దిడ్డి వాకిలి తెరిపించాడు. అబుల్ హసన్ తానీషా మహల్లోనే పట్టుబడి, దౌలతాబాద్ కోటలో ఖైదీగానే చనిపోయాడు.

చాటుగా తప్పుకోవడం జరిగింది కానీ రెండేళ్ల ముందు, 1685 అక్టోబరులో, అదీ హైదరాబాదు నగరం నుంచి కోటకు. సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలులతో కలిసిపోయాడని తెలియగానే, సుల్తాను విలువైన సొత్తు పెట్టెలకెత్తించి రాత్రికి రాత్రే గోల్కొండ చేరాడు. జనానికి ముందుగా కబురు లేదు. తెలిశాక ఆడవాళ్లు, పిల్లలతో సహా కాలినడకన కోట దారి పట్టారు. వెనక మొగలు సైనికులు హైదరాబాదును దోచుకున్నారు. కోట చూపించేవాళ్లు చెప్పాల్సిన అసలు కథ ఇదే. సొరంగం మాటున ఆ జనం కష్టం కనుమరుగవుతోంది.

అపోహ: చార్మినార్ నుంచి కోటదాకా గుర్రం పట్టేంత సొరంగం ఉంది.

వాస్తవం: లెక్క వేసి చూడండి. నేరుగా కొలిస్తేనే దూరం సుమారు 8 కిలోమీటర్లు. మనిషి నడిచేలా ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు తవ్వినా 24,000 ఘనపు మీటర్ల రాయి, అంటే 60,000 టన్నుల పైమాట, బయటికి మోయాలి. గుర్రానికైతే ఇంకా ఎక్కువ. ఇక్కడి నేల గట్టి గ్రానైటు రాయి. పైగా చార్మినార్ మూసీకి దక్షిణాన, కోట ఉత్తరాన. నది అడుగున రాతి పగుళ్లలోంచి ఊరే నీటిని రేయింబవళ్లు తోడుతూనే ఉండాలి. గాలి కోసం దారి పొడవునా బావుల్లాంటి గుంటలు దించాలి. అన్ని గుంటలు తవ్వితే రహస్యం ఎక్కడ దాగుతుంది?

అపోహ: గోల్కొండ యుద్ధంలో సొరంగాలే లేవు.

వాస్తవం: ఉన్నాయి, తవ్వింది మొగలులు. బురుజు కిందికి తవ్వుకెళ్లి, పేలుడు మందు కూరి, వత్తి అంటించే పద్ధతి అది. లోపలివాళ్లు పసిగట్టి ఎదురు తవ్వి, కోట వైపు మందు తీసేసి, మిగతాది నీళ్లతో తడిపారు. పేలుడు బలమంతా బయటికే తిరిగి, రాళ్లు మొగలుల మీదే పడ్డాయి.

కోటలో ఎవరైనా చీకటి రంధ్రం చూపిస్తే లోపల మట్టి గొట్టాల ముక్కలున్నాయా, నేల ఒకవైపు వాలుగా ఉందా చూడండి. ఉంటే అది నీటి కాలువ అయ్యే అవకాశమే ఎక్కువ. కొండమీదికి నీళ్లను అంచెలంచెలుగా చక్రాలతో తోడి, మట్టి గొట్టాల గుండా పంపేవారు.