ఇన్సులిన్ యూనిట్ బరువెంత?

జ్వరం మాత్ర 650 మిల్లీగ్రాములు, బీపీ మాత్ర 5 మిల్లీగ్రాములు. ఇన్సులిన్ దగ్గరికి వచ్చేసరికి మిల్లీగ్రాముల మాటే ఉండదు, అన్నీ యూనిట్లే. ఎందుకంటే 1922లో కెనడాలోని టొరంటోలో, ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ బృందం పశువుల క్లోమం నుంచి తీసిన మందులో అసలు ఇన్సులిన్ ఎంతుందో తూచే దారి లేదు. ఒక్కో తయారీది ఒక్కో బలం. చిత్తూరు పల్లెల్లో పాల కేంద్రానికి క్యాను మోసిన వాళ్లెవరికైనా ఈ చిక్కు తెలుసు: లీటర్లు ఎన్నని మాత్రమే చూడరు, ఫ్యాట్ ఎంతొచ్చిందో చూస్తారు. అప్పట్లో ఇన్సులిన్ బలం చూసే యంత్రం లేదు. కుందేలు ఉంది.

24 గంటలు పస్తు ఉంచిన 2 కిలోల కుందేలుకు మందు ఎక్కించేవారు. రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు 45 మిల్లీగ్రాముల దాకా పడిపోతే దానికి ఫిట్స్ వచ్చేవి. కొన్ని గంటల్లో చక్కెరను అంత దించే మోతాదే మొదట్లో ఒక యూనిట్. మనుషులకు అది మరీ పెద్దది కావడంతో అందులో మూడో వంతును యూనిట్ చేశారు.

కానీ కుందేళ్లన్నీ ఒక్కలా ఉంటాయా? ఒకే మోతాదుకు ఒకటి గిలగిలా కొట్టుకుంటే, పక్కది తాపీగా కూర్చునేది. జాతి మారినా, మేత మారినా లెక్క మారేది. దీన్ని విప్పింది బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్ పట్టుబట్టిన పద్ధతి. కుందేలును కాదు, ఇన్సులిన్‌నే కొలబద్ద చేయాలి. ఎండబెట్టిన ఇన్సులిన్ పొడిని గాజు గొట్టాల్లో మూసి దేశదేశాల ప్రయోగశాలలకు పంపారు. కొత్త తయారీనీ ఆ పొడినీ పక్కపక్కనే పరీక్షిస్తే చాలు. జంతువుల తేడా రెండింటికీ సమానంగా తగులుతుంది, నిష్పత్తి నిలబడుతుంది. నన్నడిగితే, ఇన్సులిన్ కథలో బాంటింగ్‌కు దక్కిన పేరులో కొంత ఈ పొడికీ దక్కాలి.

1925లో నానాజాతి సమితి ఖాయం చేసిన ఆ పొడిలో ఒక మిల్లీగ్రాము 8 యూనిట్లు. 1935 నాటికి స్ఫటికాలుగా శుద్ధి చేయడం వచ్చింది, మిల్లీగ్రాముకు 22 అయింది. ఇప్పుడు మానవ ఇన్సులిన్ ఒక యూనిట్ బరువు 0.0347 మిల్లీగ్రాములు. శుద్ధి పెరిగేకొద్దీ బరువు తగ్గుతూ వచ్చింది, యూనిట్ చేసే పని మాత్రం కదల్లేదు. కుందేళ్లూ, వాటి తర్వాత వచ్చిన ఎలుకలూ పోయి, నేడు మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే క్రొమటోగ్రఫీ యంత్రాలు ఆ లెక్క చూస్తున్నాయి.

ఇంత పకడ్బందీగా వచ్చిన లెక్క చివరికి ఇంట్లో సిరంజి దగ్గర తప్పుతుంది. తిరుపతిలో రుయా ఆసుపత్రి దగ్గర మందుల షాపులో "సిరంజిలు నాలుగియ్యన్నా" అంటే, తెలిసిన షాపతను "ఎర్ర మూతవా, ఆరంజ్ మూతవా?" అని అడుగుతాడు. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులా ఉండే ఇంజెక్షన్ పరికరంలో వేసే చిన్న మందు సీసా, అంటే కార్ట్రిడ్జ్‌లో మామూలుగా మిల్లీలీటరుకు 100. ఆరంజ్ మూత సిరంజి మీది గీతలు ఆ 100 బలానికి గీసినవి.

డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు, సరిగ్గా 20. అదే సీసాకు ఆరంజ్ మూతది వాడితే 20 గీత దగ్గర వచ్చేది 0.2 మిల్లీలీటర్లే, అంటే 8 యూనిట్లు. షుగరు దిగదు. డాక్టరు మోతాదు పెంచుతారు. తర్వాతెప్పుడో సరైన సిరంజి చేతికొస్తే, పెంచిన మోతాదంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

తిరగేస్తే ఇంకా ఘోరం. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోకి ఎర్ర మూత సిరంజి గుచ్చి 20 గీత దాకా లాగితే, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చెమటలు, వణుకు, ఆపైన స్పృహ తప్పడం. పెన్ను పాడైతే ఇంకో పెన్ను తెచ్చుకోవాల్సిందే. సీసా వాడేవాళ్లు లేబుల్ మీద 40 ఉందా 100 ఉందా చూసి, సిరంజి గొట్టం మీద అచ్చయిన అంకె కూడా అదేనా అని చూసుకోవాలి. మూత పోయినా గొట్టం మీది అంకె ఉంటుంది.