ఇరవై మందితో మొదలైన చదువు, 250 మంది క్లాసులో

2019లో ఎంబీబీఎస్‌లో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతటా కొత్త పాఠ్యప్రణాళిక అమల్లోకి వచ్చింది. లెక్చర్లు తగ్గాలి, చిన్న బృందాల్లో చర్చ పెరగాలి, విద్యార్థి తనంతట తానే వెతికి చదువుకోవాలి అని అందులో రాశారు. చాలామంది ఇదేదో కొత్త ఆలోచన అనుకున్నారు. కానీ 1997 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే లెక్చర్లు బోధన సమయంలో మూడో వంతు మించకూడదని, మిగతా రెండు వంతులు ప్రాక్టికల్స్‌కు, క్లినిక్స్‌కు, బృంద చర్చలకు ఇవ్వాలని ఉంది. సమస్యను ముందుపెట్టి నేర్పాలన్న మాట కూడా అందులోనే ఉంది. ఇరవై రెండేళ్ల తర్వాత అదే మాట మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఎందుకో తెలియాలంటే ఈ సమస్య ఆధారిత బోధన (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్) పుట్టిన కెనడాలో 1960ల నాటి సంగతులు చూడాలి.

అప్పటికి అమెరికా, కెనడాల్లో వైద్య విద్య అబ్రహాం ఫ్లెక్స్‌నర్ 1910లో ఇచ్చిన నివేదిక చూపిన దారిలో నడుస్తోంది. ఆయన డాక్టరు కాదు, బడి నడిపిన మనిషి. 155 మెడికల్ కాలేజీలు తిరిగి చూసి, చాలావాటిలో సరైన ల్యాబ్ కూడా లేదని తేల్చారు. ఆ నివేదిక దెబ్బకు నాసిరకం కాలేజీలు మూతపడ్డాయి. ముందు రెండేళ్లు సైన్సు, తర్వాత రెండేళ్లు ఆసుపత్రి అన్న క్రమం స్థిరపడింది. అది చేసిన మేలు తక్కువది కాదు. అయితే రెండేళ్లపాటు రోగి ముఖం చూడకుండా నరాల పేర్లు బట్టీపట్టిన విద్యార్థి, వార్డులోకి వచ్చేసరికి వాటిలో సగం మరిచిపోయేవాడు.

ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. అక్కడి మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో కొత్త మెడికల్ కాలేజీ పెట్టే బాధ్యతను 1965లో జాన్ ఎవాన్స్‌కు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఐదు దాటీ దాటనట్టు. బిల్ స్పాల్డింగ్, ఫ్రేజర్ మస్టర్డ్, జిమ్ ఆండర్సన్ లాంటివాళ్లు తోడయ్యారు. పాత కాలేజీ అయితే ప్రతి డిపార్ట్‌మెంటూ తన గంటల కోసం పోట్లాడేది. ఇక్కడ పోట్లాడటానికి పాత టైమ్‌టేబులే లేదు. 1969లో మొదటి బ్యాచ్‌గా ఇరవై మందిని తీసుకున్నారు. కోర్సు మూడేళ్లు. సబ్జెక్టులవారీ లెక్చర్ల వరస లేదు, మామూలు రాత పరీక్షలు లేవు, ర్యాంకులు లేవు. చిన్న బృందం, ఒక ట్యూటర్, ఒక రోగి సమస్య, అంతే.

దాదాపు అదే కాలంలో న్యూరాలజిస్టు హోవర్డ్ బారోస్ లాస్ ఏంజెలెస్‌లో మామూలు మనుషులకు రోగుల్లా నటించడం నేర్పి, వాళ్లతో విద్యార్థులను పరీక్షించే పద్ధతి మొదలుపెట్టారు. అది 1963 నాటి మాట. తర్వాత ఆయన మెక్‌మాస్టర్‌లో పనిచేశారు. 1980లో రాబిన్ టాంబ్లిన్‌తో కలిసి ఈ బోధన గురించి పుస్తకం రాశారు.

ఈ పద్ధతి ఎలా నడుస్తుందో మన దగ్గరి సమస్యతోనే చెప్పుకుందాం. ఫస్టియర్ విద్యార్థులు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ల చేతికి ఒక కాగితం ఇస్తారు: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల్లో పనిచేసే నలభై ఐదేళ్ల మనిషి, ఆకలి లేదు, నీరసం, షుగర్ లేదు, బీపీ మామూలే, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) మాత్రం 4, మామూలుకంటే చాలా ఎక్కువ. పాఠం ఇంకా ఎవరూ చెప్పలేదు. తెలిసినంతలో మాట్లాడుకుంటారు. క్రియాటినిన్ అంటే ఏమిటి, ఎక్కడి నుంచి వస్తుంది? కిడ్నీ ఎలా వడకడుతుంది? షుగర్, బీపీ లేకుండా కిడ్నీ పాడవుతుందా? ఎండలో పని, తాగే నీళ్లు, ఒంటినొప్పులకు వేసుకునే మాత్రలు, వీటిలో దేన్ని అనుమానించాలి? డయాలసిస్ మొదలైతే ఆ ఇంటి ఆదాయం ఏమవుతుంది? తెలియనివన్నీ బోర్డు మీద రాసుకుని, విడిపోయి చదువుకుని, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ కూర్చుంటారు. ఆ ఒక్క కాగితం నుంచి అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, కమ్యూనిటీ మెడిసిన్ అన్నీ వస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఈరోజుకీ ఖాయంగా తేలలేదు. ఆ సంగతి ఫస్టియర్‌లోనే తెలియడం కూడా చదువే.

ఇక్కడ ట్యూటర్ జవాబు చెప్పడు. బృందం దారి తప్పితే ఒక ప్రశ్న వేస్తాడు. ఎవరో ఒకరే మాట్లాడుతుంటే మూల కూర్చున్న పిల్లవైపు చూస్తాడు. ముప్పై ఏళ్లు లెక్చర్ ఇచ్చిన ప్రొఫెసర్‌కు అలా నోరు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టం. దానికి శిక్షణ కావాలి.

హామిల్టన్ తర్వాత 1974లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్, 1978లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ ఈ దారి పట్టాయి. రెండూ కొత్త కాలేజీలే. అమెరికాలోని న్యూ మెక్సికో యూనివర్సిటీ 1979లో పాత కోర్సును అలాగే ఉంచి, కొద్దిమందికి పక్కన ఇంకో దారి వేసింది. 1985లో హార్వర్డ్ కూడా ముందు కొద్దిమందితోనే మొదలుపెట్టింది. వీటిలో ఏదీ పెద్ద క్లాసును ఉన్నపళంగా మార్చలేదు. మన నిబంధనలు రాసినవాళ్లు ఈ విషయాన్ని తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

పరీక్షల సంగతి మెక్‌మాస్టర్‌కే ఎదురు తిరిగింది. 1980ల్లో అక్కడి విద్యార్థులు జాతీయ లైసెన్స్ పరీక్షలో వెనకబడ్డారు. చర్చ బాగా చేస్తున్నారు సరే, తమకేం తెలియదో వాళ్లకు తెలుస్తోందా అన్న ప్రశ్న వచ్చింది. చివరికి 1990ల మొదట్లో మాస్ట్రిక్ట్ పద్ధతి చూసి, ఏడాదికి మూడుసార్లు మొత్తం సిలబస్ మీద ఒక పరీక్ష పెట్టారు. దాన్ని విద్యార్థి ఎదుగుదల చూడటానికే వాడారు. 1993లో అంతవరకూ జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఆల్బనీస్, మిచెల్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది ఇది: ఈ పిల్లలు చదువును ఎక్కువ ఇష్టపడుతున్నారు, రోగి దగ్గర పనితీరులో తీసిపోవడం లేదు, బేసిక్ సైన్స్ పరీక్షల్లో కొన్నిచోట్ల తగ్గుతున్నారు. వంద మందికి పైబడిన క్లాసులో దీని ఖర్చు భరించడం కష్టమని కూడా హెచ్చరించారు.

ఆ వంద అన్న అంకె పక్కన మన అంకెలు పెట్టి చూడండి. ఉస్మానియా, గాంధీ లాంటి కాలేజీల్లో ఏడాదికి 250 ఎంబీబీఎస్ సీట్లు. ఎనిమిదేసి మంది చొప్పున ముప్పై ఒకటికి పైగా బృందాలు, అంతమంది ట్యూటర్లు, అన్ని గదులు, అదీ ఒకే సమయంలో. జిల్లాల్లో కొత్తగా తెరిచిన కాలేజీల్లో సీట్లు తక్కువే కానీ, అక్కడ పోస్టులు నింపడమే గండంగా ఉంది.

శిక్షణ విషయంలో మనం పూర్తిగా వెనకబడి లేము. వైద్య అధ్యాపకులకు బోధన నేర్పే జాతీయ కేంద్రం పుదుచ్చేరి జిప్మర్‌లో 1970ల్లోనే మొదలైంది. ఇప్పుడు ప్రతి కాలేజీలో మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ ఉండాలి, అధ్యాపకులు వర్క్‌షాపులకు వెళ్లిరావాలి. వెళ్లొచ్చినవాళ్లలో ఉత్సాహంగా చేసేవాళ్లు ఉన్నారు. పైగా వార్డులో మంచం చుట్టూ పది మంది నిలబడి, కేసు చెప్పి, సార్ ప్రశ్నలకు చెమటలు పట్టే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. అది కూడా చిన్న బృందమే. కాకపోతే అది ఫస్టియర్‌లో లేదు.

2019 ప్రణాళికలో అనాటమీకి ఇచ్చిన గంటలు చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. అప్పట్లో మొత్తం 675 గంటలు. లెక్చర్లకు 220, స్వయంగా చదువుకోవడానికి 40. మిగిలిన 415 గంటలను చిన్న బృంద బోధన, ట్యుటోరియల్స్, ప్రాక్టికల్స్ అన్నిటికీ కలిపి ఒకే గడిలో వేశారు. డిసెక్షన్ హాల్లో గడిపిన సమయం కూడా ఆ గడిలోకే వెళ్తుంది. ఎనిమిది మంది కూర్చుని ఒక రోగి గురించి వాదించుకోకపోయినా, యాభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు వేసినా, 415 గంటలూ నిండినట్టు రిజిస్టర్‌లో రాసుకోవచ్చు. పైగా పీజీ సీటు ఒక్క సరైన జవాబును గుర్తించే ప్రశ్నల మీద ఆధారపడినంతకాలం, విద్యార్థి కూడా ఆ స్లైడ్లనే కోరుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. మార్చాల్సింది ఆ గడిని. ఎంతమంది బృందాన్ని చిన్న బృందం అంటారో అంకె వేసి చెప్పి, దానికి గంటలు విడిగా రాసి, కాలేజీ తనిఖీకి వచ్చినప్పుడు టీచర్ల హాజరుతో పాటు ఆ గదుల్లో ఎంతమంది కూర్చున్నారో కూడా లెక్కపెట్టాలి.