"పెద్దతనం కదా, మామూలే" అనుకునే ముందు: డిమెన్షియాపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్ళల్లో డిమెన్షియాని, అంటే జ్ఞాపకం, ఆలోచన, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బుని, ఆ పేరుతో ఎవరూ పిలవరు. "నాయనకి చాదస్తం ఎక్కువైంది", "అవ్వకి మతి నిలవడం లేదు" అనేసి ఊరుకుంటారు. ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి రెండు మూడేళ్ళు గడిచిపోతాయి. ఆలోపు చెప్పిందే చెప్పి, కసిరి, సరిదిద్ది ఇంటిల్లిపాదీ అలసిపోయి ఉంటారు. జబ్బు వల్ల జరిగే నష్టం ఒకటైతే, దాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల జరిగేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఆపడం ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: వయసైతే మతిమరుపు వస్తుంది, దానికి పరీక్షలెందుకు?

పాల ప్యాకెట్ తేవడం మరిచిపోతే అది వయసు. పాలు గిన్నెలో పోశాక స్టవ్ ఎలా వెలిగించాలో తెలియక నిలబడిపోతే దాన్ని పట్టించుకోవాలి. ముప్పై ఏళ్ళుగా పులిహోర కలిపిన చెయ్యి ఏది ముందు ఏది వెనక అని తడబడటం, చిల్లర లెక్క తేలకపోవడం, రోజూ వెళ్ళే వీధిలోంచి ఇంటికి దారి తెలియకపోవడం కూడా అలాంటివే. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ల్యాసీ-డ్యాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. మిగతా 92 శాతానికి పైగా పెద్దవాళ్ళకి ఈ జబ్బు లేదు. మరి ఇది వయసుతో వచ్చే మామూలు సంగతి ఎలా అవుతుంది?

పరీక్షలు చేయించడానికి అసలు కారణం ఇంకొకటుంది. డిమెన్షియాలా కనిపిస్తూ, మందుకి లొంగే జబ్బులు కొన్ని ఉన్నాయి. రక్తంలో బి12, థైరాయిడ్, సోడియం, షుగర్, క్రియాటినిన్, కాల్షియం చూడాలి. తలకి ఒక స్కాన్ తీయాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి పాంటాప్రజోల్ ఏళ్ళ తరబడి మింగేవాళ్ళలో బి12 తగ్గడం మామూలు. మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉన్నా డాక్టరు దాన్ని వదిలేయరు. బాత్రూంలో జారిపడిన కొన్ని వారాలకి మెల్లగా మతి తప్పుతోందంటే పుర్రె లోపల రక్తం చేరిందేమో చూడాలి, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి. కాళ్ళు నేలకి అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు ఈ మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ ఉంది.

వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి తెండి. చీటీ ఒక్కటే తెస్తే సరిపోదు. జలుబుకి వేసే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, మూత్రం ఆపడానికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ ఇవన్నీ పెద్దవాళ్ళ మతిని మసకబారుస్తాయి. తరచూ కనిపించే చిక్కు ఒకటుంది. జ్ఞాపకశక్తికి డోనెపెజిల్ ఇస్తారు, దానివల్ల మూత్రం ఆగదు, దానికి ఆక్సిబ్యుటినిన్ రాస్తారు. మెదడులో ఏ రసాయనాన్ని మొదటిది నిలబెడుతుందో, దాని పనినే రెండోది అడ్డుకుంటుంది. రెండూ మింగి ఏ ఉపయోగమూ ఉండదు.

రెండు మూడు రోజుల్లో మనిషి ఉన్నట్టుండి మారిపోతే దాన్ని డిమెన్షియా ముదిరిందని అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమ్ము, మలబద్ధకం, కొత్త మందు, వీటిలో ఏదో ఒకటి కారణం అయ్యుండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అపోహ: చదువు రాని వాళ్ళకి ఈ పరీక్షలు కుదరవు

కుదురుతాయి. సరైన పరీక్ష ఎంచుకోవాలి, సరైన భాషలో చేయాలి. పెన్ను పట్టని చేతికి కాగితమిచ్చి గడియారం గీయమంటే తెలివైన మనిషికీ సున్నా వస్తుంది. భారత వైద్య పరిశోధనా మండలి తయారుచేసిన పరీక్షల సంపుటి తెలుగుతో సహా ఐదు భాషల్లో ఉంది. మన జిల్లాల్లో భాష సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం, కుప్పం, పలమనేరు వైపు కన్నడమో తమిళమో, ముస్లిం ఇళ్ళల్లో ఉర్దూ. జబ్బు ముదిరేకొద్దీ తరవాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, తల్లి దగ్గర నేర్చిన మాట మిగిలే అవకాశం ఎక్కువ. తెలుగులో జవాబు రాలేదని మార్కులు కోసేముందు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్ళో అడగాలి.

ఈ సరిహద్దు ప్రాంతానికి ఒక మంచి కబురు కూడా ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్ళకి, ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది. బడి మొహం చూడనివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది.

అపోహ: అమెరికాలో ఇంజెక్షన్ వచ్చేసింది, అది వేయిస్తే నయమైపోతుంది

లెకానెమాబ్‌కి అమెరికాలో 2023లో, డోనానెమాబ్‌కి 2024లో పూర్తి అనుమతి వచ్చింది. ఇవి మెదడులో పేరుకున్న అమైలాయిడ్ అనే ప్రొటీన్‌ని తొలగిస్తాయి. అయితే పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. లెకానెమాబ్ పరీక్షలో 1,795 మందిని 18 నెలలు చూస్తే, జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది. జబ్బు తీవ్రతని కొలిచే 18 పాయింట్ల కొలమానంలో అది 0.45 పాయింటు తేడా. మందు తీసుకున్న ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అమైలాయిడ్ ఉందని తేలిన తొలిదశ అల్జీమర్స్‌కే ఇది పనికొస్తుంది. మధ్య దశ దాటినవారి కోసం పొలం అమ్మి తిరగవద్దు. పరిశోధన ముందుకు సాగుతోందన్నది మాత్రం నిజం. అల్జీమర్స్ నిర్ధారణలో తోడ్పడే తొలి రక్తపరీక్షకి 2025 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది. అదీ లక్షణాలు ఉన్నవాళ్ళకే, ఊరికే చేయించుకునే పరీక్ష కాదు.

సరస్వతి ఆకు, కొబ్బరినూనె, జింకో మాత్రలు జబ్బుని ఆపుతాయన్న రుజువు లేదు. జింకోని 3,000 మందికి పైగా పెద్దవాళ్ళకిచ్చి ఏళ్ళపాటు చూశారు. డిమెన్షియా ఏమీ తగ్గలేదని 2008లో తేలింది. ఆ డబ్బుతో చెవి పరీక్ష చేయించండి. ముందు గులిమి తీయించి, ఆపైన అవసరమైతే వినికిడి యంత్రం పెట్టించండి. లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024 నివేదికలో చెప్పిన, డిమెన్షియా ముప్పు పెంచే, మార్చుకోగలిగే 14 కారణాల్లో వినికిడి లోపం, చూపు తగ్గడం, బీపీ, షుగర్ ఉన్నాయి.

అపోహ: కావాలనే మొండికేస్తోంది

అన్ని అపోహల్లోకి ఎక్కువ కన్నీళ్ళు పెట్టించేది ఇదే. తిట్లూ దెబ్బలూ ఇక్కడే మొదలవుతాయి.

స్నానం సంగతే తీసుకోండి. అవ్వ స్నానానికి రానంటుంది, గట్టిగా లాగితే కొడుతుంది. ఆమె వైపు నుంచి చూస్తే, తడి నేల మీద బట్టలు విప్పమంటున్న మనిషి ఎవరో గుర్తులేదు, ఉన్నట్టుండి నెత్తి మీద నీళ్ళు పడ్డాయి, ఊపిరాడలేదు. ఆమె తనని తాను కాపాడుకుంటోంది. ప్లాస్టిక్ కుర్చీ వేయండి. నీళ్ళు ముందే కలిపి, మోచేత్తో వేడి చూడండి. భుజాల మీద తువ్వాలు కప్పే ఉంచి, పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రండి. చెంబు ఆమె చేతికే ఇవ్వండి. తలస్నానం వేరే రోజుకి పెట్టుకోండి. వారానికి రెండు స్నానాలు, మిగతా రోజులు తడిగుడ్డతో తుడవడం చాలు.

సాయంత్రమయ్యేసరికి "ఇంటికి పోవాల" అని వాకిట్లో నిలబడటం ఇంకొకటి. "ఇదే కదా నీ ఇల్లు" అంటే గొడవ పెరుగుతుంది. ఆమె అడుగుతున్న ఇంటికి వీధి, నంబరు ఉండవు. అక్కడ తనకి భయం ఉండేది కాదు, అంతే. "అట్లనే అవ్వా, పోదాం. కాఫీ పెట్టినా, తాగేసి పోదాం రా" అని రెండడుగులు కలిసి నడిచి వెనక్కి తిప్పుకు రండి. పొద్దు గూకేలోపే, ఐదు గంటలకే లైట్లు వేసేయండి. నీడలు పడే మూల, పెద్ద అద్దం ఉంటే గుడ్డ కప్పండి. టీవీలో అరుపులు ఆపండి. చేతికి పని ఇవ్వండి: పూలు కట్టడం, చిక్కుడుకాయలు ఈనె తీయడం, బట్టలు మడవడం. చేతులు నేర్చిన పని పేర్ల కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. గోవింద నామాలు మాటలన్నీ పోయినవాళ్ళ నోట కూడా వరస తప్పకుండా రావడం అందుకే. మిగిలిన శక్తికి తగ్గట్టు పని కుదర్చడాన్ని ఇప్పుడు ఒక చికిత్సగానే పరిశోధిస్తున్నారు. తేలిక, మధ్య దశల్లో ఉన్నవారికి చిన్న గుంపులో వారానికి రెండుసార్లు, మొత్తం 14 సార్లు ముచ్చట్లు, పాటలు, ఆటలతో చేసే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీకి మంచి ఆధారాలున్నాయి.

"మీ ఆయన పోయి పదేళ్ళయింది" అని గుర్తుచేయవద్దు. ఆమెకది అప్పుడే విన్న చావు కబురు. "ఆయన ఏం ఇష్టంగా తినేవాడవ్వా?" అని అడిగితే మాట వేరే దారి పడుతుంది.

గొడవ ఉన్నట్టుండి పెరిగితే ముందు ఒంట్లో వెతకండి. మలవిసర్జన ఎన్ని రోజులైంది? మూత్రం మండుతోందా? పన్ను, మోకాలు నొప్పా? ఈ మనిషికి నోటితో చెప్పడం చేతకాదు. పక్క మార్చేటప్పుడు ముఖం చిట్లిస్తుందేమో చూడాలి. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో 352 మందికి నొప్పి మందులు మెట్టు మెట్టుగా ఇచ్చి చూశారు, మొదటి మెట్టు పారాసిటమాలే. ఎనిమిది వారాల్లో అలజడి గణనీయంగా తగ్గిందని 2011లో ప్రచురించారు.

అపోహ: రాత్రిళ్ళు గొడవ చేస్తే ఒక మాత్ర వేసి పడుకోబెడితే సరి

క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. మనిషికో పక్కవారికో ప్రమాదం ఉన్నప్పుడు, తక్కువ మోతాదులో, కొద్ది వారాలకు మాత్రమే వాడాలి. లేని మనుషులు కనిపిస్తున్నారని చెబుతూ, ఒళ్ళు బిగుసుకుని మెల్లగా నడిచే మనిషికి అదే కోవకి చెందిన హాలోపెరిడాల్ ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. అది లెవీ బాడీ అనే రకం డిమెన్షియా అయ్యుండవచ్చు. పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్ళీ మళ్ళీ కొనకండి.

అపోహ: సంకటి మెత్తగా ఉంటుంది, మింగడం సులువు

మనం సంకటి ముద్దని నమలం, పప్పులో అద్ది మింగేస్తాం. మింగే పట్టు తప్పిన గొంతులో అదే ముద్ద అడ్డం పడుతుంది. బొరుగులు, చెనక్కాయలు కూడా ఈ దశలో వద్దు. పలచటి నీళ్ళు కూడా చిక్కే, అవి వేగంగా జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు గరగర, పదే పదే నిమ్ము కనబడితే గుర్తుపట్టాలి. సంకటిని పప్పుకట్టులోనో మజ్జిగలోనో ఉండల్లేకుండా జారుగా కలపండి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించి, అర చెంచా చొప్పున పెట్టండి. గుటక పడిందని చూశాకే రెండో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు.

అపోహ: డాక్టరు ఈ జబ్బు పేరు రాశాక సంతకం చెల్లదు

జబ్బు ఉన్నంత మాత్రాన హక్కు పోదు. రాసే సమయానికి తెలివి స్పష్టంగా ఉంటే వీలునామా చెల్లుతుంది. అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని, రిజిస్టరు చేయించడం మంచిది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద మాత్రం ఆధారపడకండి. రాసినవారి మతి స్థిమితం పోతే చట్టం ప్రకారం అదీ రద్దవుతుంది.

అపోహ: కొండకి తీసుకుపోతే అంతా కుదుటపడుతుంది

దర్శనం ఇచ్చే తృప్తి నిజం. వద్దనే హక్కు ఎవరికీ లేదు. గంటల తరబడి కంపార్ట్‌మెంట్‌లో జనం మధ్య కూర్చోబెట్టడం మాత్రం వద్దు. 65 ఏళ్ళు నిండినవారికి టీటీడీ వేరే కోటా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. రాత్రి సరిగా నిద్రపోని మరుసటి రోజు బయల్దేరకండి.

ఇక్కడ ఎవరూ ముందుగా ఊహించని సంగతులు రెండున్నాయి. గుడిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఫోన్‌లో లొకేషన్ చూసుకుందాం అన్న ధీమా క్యూలో పనికిరాదు. రెండోది తలనీలాలు. కల్యాణకట్ట నుంచి బయటికొచ్చిన మనిషి, మీ దగ్గరున్న ఫొటోలోని మనిషిలా ఉండడు. చుట్టూ అందరివీ గుండ్లే. గుండు చేయించిన వెంటనే, ఒంటిమీదున్న బట్టలతో కొత్త ఫొటో తీయండి, ఇంకొకరి ఫోన్‌కీ పంపండి. పేరు, కుటుంబసభ్యుల రెండు ఫోన్ నంబర్లు, "జ్ఞాపకశక్తి సమస్య ఉంది" అన్న ఒక్క ముక్క తెలుగు, తమిళం, హిందీల్లో గుడ్డ ముక్క మీద చెరగని ఇంకుతో రాసి, రవికెకో బనీనుకో లోపల కుట్టండి. జేబులో చీటీ పెడితే తీసి పారేస్తారు. మరుగుదొడ్డి దగ్గర ఎవరు నిలబడాలో ముందే అనుకోండి, చెయ్యి వదిలేది అక్కడే.

అపోహ: తప్పిపోతే 24 గంటలు ఆగాకే పోలీసులు తీసుకుంటారు

అలాంటి నిబంధన ఏదీ లేదు. పావుగంట వెతికి కనబడకపోతే 112కి చేయండి. ఒకరు ఆఖరున చూసిన చోటే ఉండాలి, ఒకరు ఇంటి దగ్గర. మిగతావాళ్ళు పక్క ఇళ్ళ మిద్దెలు, పొదలు, కాలవ గట్లు, బావి దగ్గర ముందు చూసి, ఆపైన పాత ఇల్లు, పనిచేసిన చోటు, బస్టాండ్, స్టేషన్ వైపు వెళ్ళాలి. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవచ్చు, చిన్నప్పటి ముద్దుపేరుతో పిలవండి. దొరికాక "ఎక్కడికి పోయినావు?" అని అడగవద్దు. నీళ్ళు తాగించి, పాదాలు, మోకాళ్ళు, తల మీద దెబ్బలున్నాయేమో చూడండి.