చేతిలో డబ్బు లేని నెలలో జీఎస్టీ రిటర్న్ ఆపేయవచ్చా? అపోహలు – వాస్తవాలు

నెలలో ఇరవయ్యో తేదీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్ గడువు, దగ్గర పడుతోందంటే నాకు వచ్చే ఫోన్లలో చాలావాటి సారాంశం ఒకటే: "ఆడిటరు గారూ, ఈ నెల కలెక్షన్లు రాలేదండీ, రిటర్న్ ఆపేద్దాం, ఎలాగూ మాఫీ స్కీము వస్తోందట." 2020 లాక్‌డౌన్ నాటి నుంచి చిన్న వ్యాపారుల్లో పాతుకుపోయిన ఈ నమ్మకం వల్ల, పన్ను ఎగ్గొట్టాలన్న ఆలోచన ఏ కోశానా లేని మనుషులు కూడా ఎగవేతదారులు కట్టవలసినంత మొత్తం కట్టవలసి వచ్చింది. వాట్సాప్‌లో తిరిగే మాటలను నమ్మి ఎవరూ ఇంకొక నెల పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

అపోహ: కట్టడానికి డబ్బు లేకపోతే రిటర్న్ ఆపడమే మేలు. పరిస్థితి కుదుటపడ్డాక ఆలస్య రుసుము కట్టి అన్నీ ఒకేసారి వేసుకోవచ్చు.

ఆలస్య రుసుము ఈ మొత్తం వ్యవహారంలో అతి చిన్న ఖర్చు. రోజుకు యాభై రూపాయలు, ఏ లావాదేవీ లేని నెలకు వేసే నిల్ రిటర్న్‌కు ఇరవై రూపాయలు, దానికీ టర్నోవరును బట్టి గరిష్ఠ పరిమితి ఉంది. అసలు నష్టం జీఎస్టీ చట్టం 16(4) సెక్షన్ దగ్గర జరుగుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో కొన్న సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి, అంటే కొనేటప్పుడు చెల్లించిన పన్నును మనం కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవడానికి, గడువు ఉంటుంది. ఇప్పుడది తరువాతి నవంబరు 30. ఆ తేదీ దాటాక వేసిన పాత త్రీబీలో (పన్ను కట్టే నెలవారీ రిటర్న్, GSTR-3B) మీరు చూపించిన ఇన్‌పుట్ చెల్లదని జీఎస్టీ శాఖ నోటీసు ఇస్తుంది.

అంకెల్లో చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక నెల అమ్మకాల మీద పన్ను 1,00,000 రూపాయలు, కొనుగోళ్ళ మీద ఇన్‌పుట్ 85,000, చేతి నుంచి కట్టవలసింది 15,000 అనుకుందాం. ఆ 15,000 సర్దుబాటు కాలేదని రిటర్న్ ఆపి, గడువు దాటాక వేస్తే, 85,000 క్రెడిట్ పోయి లక్షా చేతి నుంచే కట్టాలి. అమ్మకందారుకు ఆ 85,000 మీరు అప్పటికే ఒకసారి చెల్లించి ఉన్నారు. చెల్లని ఇన్‌పుట్‌ను వాడుకున్నందుకు దాని మీద పద్దెనిమిది శాతం వడ్డీ, నోటీసు దాకా వెళితే జరిమానా అదనం.

మా వైపు ఇద్దరు వ్యాపారుల కథ ఈ తేదీల విలువ ఎంతో చూపిస్తుంది. ఒకరిది రంగుల దుకాణం, మరొకరిది ఎలక్ట్రికల్ సామాను. కాంట్రాక్టర్లకు అరువిచ్చిన సొమ్ము రాక ఇద్దరూ 2021 జనవరి నుంచి రిటర్న్‌లు ఆపారు. అరువు అమ్మకమైనా బిల్లు రాసిన నెల లెక్కలోనే పన్ను కట్టాలన్నది చట్టం, డబ్బు వచ్చిందా లేదా అన్నది అది చూడదు. వారి బాధ న్యాయమైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఏడాది మే 28న జరిగిన జీఎస్టీ మండలి సమావేశం పాత రిటర్న్‌ల ఆలస్య రుసుముకు నిల్ అయితే 500, కాకపోతే 1,000 రూపాయల పరిమితి పెట్టింది. ఆగస్టు నెలాఖరు వరకున్న ఆ అవకాశాన్ని తరువాత నవంబరు 30 దాకా పొడిగించారు. రంగుల దుకాణం ఆయన చిట్టీ పాడి, ఆ డబ్బుతో నవంబరు చివరి వారంలో అన్నీ వేయించారు. రెండో ఆయన ఇంతకంటే మంచి స్కీము వస్తుందని ఎవరో చెప్పగా విని ఆగి, ఫిబ్రవరిలో వేయించారు.

కొన్నాళ్ళకు ఇద్దరికీ ఒకే రకం నోటీసు వచ్చింది. 2020–21 బిల్లుల ఇన్‌పుట్‌కు అప్పటి గడువు 2021 అక్టోబరుతోనే ముగిసింది గనుక క్రెడిట్ మొత్తం వెనక్కు కట్టమన్నారు. రంగుల దుకాణం ఆయన ఆ నోటీసు పట్టుకుని మా ఆఫీసు బల్ల ముందు కూర్చుని, "రుసుము తగ్గించి వేయమన్నదీ వాళ్ళే, వేశాక చెల్లదన్నదీ వాళ్ళేనా?" అని అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. 2024లో పార్లమెంటు 16(5)ను చేర్చి, 2017–18 నుంచి 2020–21 వరకు బిల్లుల ఇన్‌పుట్‌ను 2021 నవంబరు 30లోపు వేసిన రిటర్న్‌లో తీసుకుని ఉంటే చెల్లుతుందని చెప్పింది. ఆయన బయటపడ్డారు. రెండో ఆయన బయటపడలేదు. అయితే అప్పటికే వెనక్కు కట్టేసినవారికి ఆ సొమ్ము తిరిగి రాదని కూడా అదే చట్టంలో ఉంది. మాఫీ కోసం ఎదురుచూసేవారు గమనించవలసింది ఇదే: అప్పటి స్కీము తగ్గించింది ఆలస్య రుసుమునే, పన్నునూ, పోయిన ఇన్‌పుట్‌నూ అది ముట్టుకోలేదు.

మరి డబ్బు లేని నెలలో ఏం చేయాలి? పూర్తి మొత్తం కట్టనిదే పోర్టల్ త్రీబీని తీసుకోదు. సొంతంగా ఒప్పుకున్న పన్నుకు వాయిదాల సౌకర్యం కూడా లేదు. అయినా ముందుగా లెక్క పూర్తి చేయించండి. కట్టవలసింది ఎంతో తెలియకుండానే భయపడి ఆపేసేవారు నా దగ్గరకు ఎందరో వస్తారు, ఇన్‌పుట్ సరిచూశాక ఆ మొత్తం వారు ఊహించినదానికంటే చాలా తక్కువగా తేలడం తరచుగా జరుగుతుంది. చేతిలో ఉన్నంత గడువులోపే క్యాష్ లెడ్జరులో (పోర్టల్‌లో మీ పేరున ఉండే నగదు ఖాతా) జమ చేయండి. 2024 జూలైలో వచ్చిన సవరణ ప్రకారం, గడువు నాటికి లెడ్జరులో ఉండి, రిటర్న్ వేసేదాకా కదలకుండా ఉన్న మొత్తానికి వడ్డీ పడదు. మిగిలినది సమకూరిన రోజే రిటర్న్ వేయండి, తరువాతి నెలతో కలిపి చూద్దామని ఆగకండి. వరుసగా రెండు నెలలు ఆగితే ఈ-వే బిల్లు ఆగిపోతుంది, సరుకు కదలదు. ఆరు నెలలు ఆగితే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం శాఖకు వస్తుంది. మీ దగ్గర కొన్నవారికి టూబీలో (కొన్నవారికి రావలసిన క్రెడిట్‌ను పోర్టల్ చూపించే పట్టిక, GSTR-2B) క్రెడిట్ కనబడకపోతే వారు బిల్లులో జీఎస్టీ మొత్తాన్ని పట్టుకుని మిగతాదే ఇస్తారు. డబ్బు లేక మొదలైన కష్టం అలా రెట్టింపవుతుంది.

అపోహ: అమ్మకాలే లేవు, ఇంకా రిటర్న్ దేనికి?

రిజిస్ట్రేషన్ ఉన్నంతకాలం నిల్ అయినా వేయాలి. 2020 జూన్ నుంచి నిల్ త్రీబీని ఫోన్‌లో 14409కి ఎస్ఎంఎస్ పంపి కూడా వేయవచ్చు.

అపోహ: గడ్డుకాలంలో కొంత సరుకు జీరోలో, అంటే బిల్లు లేకుండా, అమ్ముకున్నా ఎవరూ పట్టించుకోరు.

కట్టలేకపోవడం వేరు, దాచడం వేరు. మోసం లేని కేసుల్లో జరిమానా సాధారణంగా పన్నులో పది శాతం. ఉద్దేశపూర్వకంగా దాచారని తేలితే పన్నుకు సమానం. కొనుగోళ్ళు అవతలివారి రిటర్న్ ద్వారా మీ టూబీలో కనబడుతూ ఉండగా అమ్మకాలు మాత్రం కనబడకపోతే, శాఖకు ఇంకే ఆధారమూ వెతకవలసిన పని లేదు.

అపోహ: ఏడాది టర్నోవరు నలభై లక్షల దాకా ఉంటే రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో అది నిజం. తెలంగాణలో పరిమితి ఇరవై లక్షలే. విజయవాడ బంధువు చెప్పాడని ఖమ్మంలో దుకాణం నడిపే వారు ఆ లెక్క పెట్టుకోకూడదు. సేవలకు రెండుచోట్లా ఇరవై లక్షలే.

అపోహ: పన్ను రాకపోతే నష్టపోయేది ప్రభుత్వమే.

2019 ఏప్రిల్‌లో దేశమంతటా వచ్చిన జీఎస్టీ 1.13 లక్షల కోట్లు దాటింది. 2020 ఏప్రిల్‌లో వచ్చింది సుమారు 32 వేల కోట్లు. ఆ మార్చి నెల జీతాల్లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఎక్కువమంది ఉద్యోగులకు సగం నిలిపివేశాయి. మే మొదటి వారంలో కేంద్రం పెట్రోలు మీద లీటరుకు 10, డీజిలు మీద 13 రూపాయల సుంకం పెంచింది, ఆంధ్రప్రదేశ్ మద్యం ధరలను రెండు విడతల్లో 75 శాతం పెంచింది. పెట్రోలూ మద్యమూ జీఎస్టీ పరిధిలో లేవు, వాటి మీద వసూలు సులభం, తప్పించుకోవడం కష్టం. ఒకచోట రాని పన్ను కోసం ప్రభుత్వం ఇలాంటి చోటికే వెళుతుంది. ఆ భారం బండి మీద కూరగాయలు అమ్మేవారి డీజిలు ఖర్చులోకి చేరుతుంది. జీఎస్టీ రాబడి తగ్గినందుకు రాష్ట్రాలకు ఇవ్వవలసిన పరిహారం కోసం కేంద్రం 2020–21లో 1.1 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు అప్పు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికే 2022లో ముగియవలసిన పరిహార సెస్సు గడువును 2026 మార్చి దాకా పొడిగించారు.

అపోహ: కోవిడ్ నాటి వ్యవహారాలు ఇక ఎవరూ తిరగదోడరు.

కోవిడ్ పేరుతో పెరిగిన గడువులు మనకే కాదు, శాఖకూ పెరిగాయి. 2017–18 సంవత్సరపు ఉత్తర్వులకు 2023 డిసెంబరు 31 దాకా సమయం తీసుకున్నారు. ఆ పొడిగింపుల మీద హైకోర్టుల్లో వివాదాలూ నడిచాయి. ఆ కాలపు నోటీసులు చాలామందికి కాగితం రూపంలో చేరనే లేదు. పోర్టల్‌లో మామూలు నోటీసుల పేజీలో కాకుండా 'అదనపు నోటీసులు, ఉత్తర్వులు' అనే విభాగంలో పెట్టారు, బ్యాంకు ఖాతా స్తంభించాక గానీ ఎందరికో తెలియలేదు. ఈ వారమే మీ లాగిన్ తెరిచి రెండు విభాగాలూ చూడండి. ఉత్తర్వు కనబడితే అది చేరిన తేదీ నుంచి మూడు నెలల్లో అప్పీలు వేయాలి, తగిన కారణం చూపితే ఇంకొక నెల దొరుకుతుంది, ఒప్పుకోని పన్నులో పది శాతం ముందుగా కట్టాలి. పాత ఫోన్ నంబరు, మానేసిన గుమస్తా ఈ-మెయిల్ ఇంకా పోర్టల్‌లో ఉంటే వాటిని కూడా అదే రోజు మార్పించండి.