ఇంగ్లండ్‌లో కౌన్సిల్ కేర్: అపోహలు, అసలు లెక్కలు

ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్‌లో, అంటే స్థానిక ప్రభుత్వంలో, సోషల్ కేర్ కోసం వచ్చేవాళ్ల ఆదాయం, ఆస్తుల లెక్కలు చూడటం నా పని. స్నానం, బట్టలు, తిండి దగ్గర సాయం చేసే కేరర్ ఇంటికి రావడం, అదీ చాలకపోతే కేర్ హోమ్, ఇదంతా సోషల్ కేర్ కిందకే వస్తుంది. దీని గురించి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు చూస్తే నాకే టెన్షన్ వస్తుంది. కింద రాసినవన్నీ ఇంగ్లండ్ రూల్స్. స్కాట్లండ్, వేల్స్‌లో వేరు.

అపోహ: పెద్దవాళ్లు ఎక్కువున్న చోటే కౌన్సిల్‌కి ఖర్చు ఎక్కువ.

ఇది సగమే నిజం. 2021 జనాభా లెక్కల్లో సముద్రం ఒడ్డునున్న నార్త్ నార్‌ఫక్‌లో ముగ్గురిలో ఒకరు 65 దాటినవాళ్లు. లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో వాళ్లు 6 శాతం కూడా లేరు. అలాగని అక్కడి కౌన్సిల్ హాయిగా ఏమీ లేదు. అక్కడి పెద్దవాళ్లలో పేదరికం బాగా ఎక్కువ, పొదుపు ఉండదు, కాబట్టి కేర్ బిల్లు చాలావరకు కౌన్సిల్ మీదే పడుతుంది. రిటైరై సముద్రం ఒడ్డున ఇల్లు కొనుక్కున్నవాళ్లలో చాలామంది తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. ఆ డబ్బు అయిపోయాక వాళ్లూ మా దగ్గరికే వస్తారనుకోండి.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. దీర్ఘకాల కేర్ మీద కౌన్సిళ్లు పెట్టే ఖర్చులో దాదాపు సగం 18 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లకే. లెర్నింగ్ డిజెబిలిటీ (పుట్టుకతోనో చిన్నప్పుడో వచ్చిన మేధో వైకల్యం) ఉన్న పాతికేళ్ల కుర్రాడికి రాత్రీపగలూ మనిషి తోడు కావాలంటే, ఆ ఖర్చు దశాబ్దాలు సాగుతుంది.

డబ్బు వచ్చే దారి కూడా సమానంగా లేదు. కౌన్సిల్ వసూలు చేసే ఇంటి పన్ను (కౌన్సిల్ టాక్స్) బ్యాండ్లు, అంటే శ్లాబులు, ఇప్పటికీ 1991 ఇళ్ల ధరల మీదే నడుస్తున్నాయి. టాక్స్ ఒక శాతం పెంచితే, తలకి లెక్కేసినా, ఖరీదైన ఇళ్లున్న సర్రేలో వచ్చినంత, పేదరికం ఎక్కువున్న బ్లాక్‌పూల్‌లో రాదు. 2016 నుంచి బిల్లులో విడిగా కనిపించే ‘అడల్ట్ సోషల్ కేర్’ లైన్‌దీ, అంటే కేర్ కోసం వేసే అదనపు పన్నుదీ, ఇదే కథ. కేర్ అవసరం ఎక్కువున్న చోటే ఆ లైన్ తక్కువ తెస్తుంది.

అపోహ: ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఉచితం కాబట్టి కేర్ కూడా ఉచితమే.

కాదు. ప్రధానంగా వైద్య అవసరమే అని తేలితే ‘కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్’ కింద ఎన్‌హెచ్‌ఎస్ మొత్తం భరిస్తుంది, కానీ అది దొరకడం కష్టం. మిగతావాళ్లకి పొదుపు 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా సొంతం. 14,250 లోపు పొదుపుని లెక్కలోకి తీసుకోం, ఆదాయం మాత్రం చూస్తాం. మధ్యలో ఉంటే ప్రతి 250 పౌండ్లకి వారానికి ఒక పౌండ్ ఆదాయం ఉన్నట్టు లెక్క. అంటే 20,000 ఉన్నవాళ్లకి వారానికి 23 పౌండ్లు కలుస్తాయి. 2010 నుంచి ఈ పరిమితులు కదల్లేదు, ధరలు మాత్రం ఆగలేదు.

హైదరాబాద్‌లో ఫ్లాటు, ఊళ్లో పొలం కూడా ఆస్తి కిందికే వస్తాయి. ఫారంలో రాయాల్సిందే.

అపోహ: “అన్నా, అమ్మ ఇల్లు నా పేరుకి మార్చేస్తే ఏడేళ్ల తర్వాత కౌన్సిల్ ముట్టుకోలేదంటగా?”

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఏడేళ్ల రూల్ వారసత్వ పన్నుది. కేర్ లెక్కల్లో అలాంటి గడువు లేదు. ఇల్లు ఎందుకు రాసిచ్చారన్నదే చూస్తాం. కేర్ ఖర్చు తప్పించుకోవడం ఒక ముఖ్య కారణమని తేలితే, ఆ ఇల్లు ఇంకా అమ్మగారి దగ్గరే ఉన్నట్టు లెక్క కడతాం. రాసిచ్చినప్పుడు ఆవిడ ఆరోగ్యంగా ఉండి, కేర్ అవసరం పడుతుందని అనుకునే వీలే లేకపోతే అలా కట్టలేం.

అసలు చాలా ఇళ్లలో ఈ హైరానాయే అక్కర్లేదు. కేరర్ ఇంటికే వస్తుంటే, ఉంటున్న ఇంటి విలువ చూడం. శాశ్వతంగా కేర్ హోమ్‌కి వెళ్లినా, ఆ ఇంట్లో భర్తో భార్యో, ముందునుంచీ అక్కడే ఉంటున్న 60 దాటిన బంధువో ఉంటే చూడం. ఎవరూ లేకపోయినా, మిగతా ఆస్తి 23,250 పరిమితిలోపు ఉంటే, మొదటి 12 వారాలు ఇంటిని లెక్కలోంచి తీసేస్తాం. ఆ తర్వాత కూడా వెంటనే అమ్మక్కర్లేకుండా ‘డిఫర్డ్ పేమెంట్’ ఒప్పందం (కేర్ బిల్లు తర్వాత కట్టే ఏర్పాటు) అడగొచ్చు.

అపోహ: ఖర్చు 86,000 పౌండ్లు దాటితే ప్రభుత్వమే కడుతుంది.

ఆ పథకం 2023 అక్టోబరులో మొదలవ్వాలి. 2025కి వాయిదా వేశారు, 2024 జులైలో పూర్తిగా రద్దు చేశారు. పాత ఫార్వర్డులు నమ్మకండి.

అపోహ: కొడుకు సంపాదిస్తున్నాడు, కౌన్సిల్ సాయం చేయదు.

ఇండియాలో 2007 చట్టం ప్రకారం తల్లిదండ్రులు పిల్లల నుంచి పోషణ ఖర్చు అడగొచ్చు. ఇక్కడ అలాంటి చట్టం లేదు, కొడుకు జీతం మేం అడగం. డబ్బుందా లేదా అన్నదానితో పని లేకుండా, అవసరాన్ని అంచనా వేయడం 2014 కేర్ చట్టం ప్రకారం కౌన్సిల్ బాధ్యత. “కోడలు చూసుకుంటోంది కదా” అని చాలామంది ఫోనే చేయరు. ఆ కోడలికి కూడా విడిగా కేరర్ అసెస్‌మెంట్, అంటే ఇంట్లోవాళ్లని చూసుకునే మనిషికి ఏ సాయం కావాలో అంచనా, అడిగే హక్కు ఉంది.